గుణుపూర్‌లో కరెంటు పోతే ముంబైలో సర్వర్ రీబూట్ చేసిన కథ

ఒడిశాలో మా పర్లాకిమిడిలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణం ఉంది. తండ్రి నాటి వ్యాపారం. పెద్దాఫీసు పర్లాకిమిడిలో, బ్రాంచీలు గుణుపూర్, కాశీనగర్, రాయగడల్లో, గోడౌను ఒకటి ఆంధ్రా వైపు పాతపట్నంలో. పాతపట్నానికి ఆటోలో పోయి రావచ్చు గానీ మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. జీఎస్టీ నంబరు వేరు. సొంత గోడౌను నుంచి సొంత దుకాణానికి సరుకు తెచ్చుకోవాలన్నా ఐజీఎస్టీ వేసి బిల్లు కొట్టాల్సిందే, విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు కూడా. అన్నిటికీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. అది పర్లాకిమిడి ఆఫీసులో ఒక విండోస్ సర్వర్‌లో ఉంటుంది. బ్రాంచీల వాళ్ళు రిమోట్ డెస్క్‌టాప్‌తో అందులోకి వచ్చి పని చేసుకుంటారు. ఏ బ్యాచ్, ఎక్స్‌పైరీ ఎప్పుడు అన్నది ఆ తెర మీద కనిపించకపోతే గుణుపూర్ కౌంటర్ నుంచి ఒక్క స్ట్రిప్పు కదలదు.

వాళ్ళ నెట్‌వర్క్ పని చూసేది నేను. 2023 వర్షాకాలంలో షావుకారు గారు ఫోన్ చేశారు. "బాబూ, గుణుపూర్ లైను మళ్ళీ పోయింది. ముంబై సర్వరు ఇప్పటికి రెండుసార్లు పెద్దది చేసాం. ఇంకా పెద్దది తీసుకోమంటావేటి?"

నేను చూడకుండా చెప్పనన్నాను. ఆ ముంబై సర్వరు కథ ముందు చెప్పాలి.

ఈ ఐదు చోట్లలో ఎక్కడా బయటి నుంచి నేరుగా చేరుకోగల పబ్లిక్ ఐపీ లేదు. ఫైబర్ అయినా, ఫోర్‌జీ అయినా కంపెనీ వాళ్ళు ఇచ్చేది 100.64తో మొదలయ్యే చిరునామా. వందల మంది ఖాతాదారులు ఒకే పబ్లిక్ చిరునామా వెనక కూర్చునే ఏర్పాటది, సీజీనాట్ అంటారు. లోపలి నుంచి బయటికి పోవచ్చు, బయటి నుంచి లోపలికి తలుపు తట్టడానికి లేదు. అందుకే అందరూ వచ్చి కలుసుకోడానికి ముంబైలో ఒక క్లౌడ్ మెషీన్ అద్దెకు తీసుకుని, దాన్ని హబ్ (నడిమి కూడలి) చేసి, ప్రతి చోట నుంచీ దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రాంతో టన్నెల్, అంటే నెట్ మీద గుప్త దారి, వేశారు. వేసినది నాకంటే ముందు పని చేసిన కుర్రాడు. అంతకు ముందున్న పీపీటీపీ అనే వీపీఎన్ 2012లోనే పరువు పోగొట్టుకున్న పద్ధతి. దాని పాస్‌వర్డ్ తనిఖీని ఛేదించడం డీఈఎస్ అనే పాత గుప్తీకరణ తాళం చెవిని ఒకే ఒక్కదాన్ని వెతకడమంత పని అని ఆ ఏడు తేలిపోయింది. తర్వాత కొన్నాళ్ళు ఓపెన్‌వీపీఎన్ అనే ఇంకోటి టీసీపీ (పోయిన ప్యాకెట్‌ని మళ్ళీ పంపే పద్ధతి) మీద నడిచిందట. లైను కాస్త ప్యాకెట్లు పారేస్తే చాలు, లోపలి టీసీపీ ఒకసారి, బయటి టీసీపీ ఒకసారి మళ్ళీ పంపుతూ ఒకదాని కాలికి ఒకటి అడ్డం పడతాయి. వైర్‌గార్డ్‌కి మారడం ఆ కుర్రాడు చేసిన మంచి పనే. 2020 మార్చిలో వచ్చిన లైనక్స్ 5.6 నుంచి అది కెర్నెల్‌లోనే, అంటే సిస్టం గుండెకాయలోనే ఉంది. ఏఈఎస్ గుప్తీకరణకి ప్రత్యేక సూచనలు లేని చవక రౌటర్ చిప్పుల మీద కూడా దాని చాచా20 గుప్తీకరణ బాగానే పరిగెడుతుంది.

రోగం ఇలా ఉండేది. ఉన్నట్టుండి గుణుపూర్ టన్నెల్ పడిపోతుంది. గుమస్తా రౌటర్ ఆపి వేస్తాడు, రాదు. ఫైబర్ డబ్బా ఆపి వేస్తాడు, రాదు. పెద్దాఫీసు అకౌంటెంట్ క్లౌడ్ పేజీ తెరిచి ముంబై మెషీన్‌కి రీబూట్ నొక్కుతాడు. రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ప్రతిసారీ అంతే. ఇక ఎవరైనా ఏమనుకుంటారు? జబ్బు ముంబైలో ఉందనే. అందుకే ప్లాన్ పెంచారు, ర్యామ్ పెంచారు. రీబూట్ కొట్టిన ప్రతిసారీ రాయగడ, కాశీనగర్‌లలో సగం కొట్టిన బిల్లులు గాలిలో వేలాడేవి, అక్కడి నుంచి తిట్లు వేరే.

నేను మొదట చేసింది కంప్యూటర్ పని కాదు. అకౌంటెంట్ గారికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, లైను పోయిన టైము, వచ్చిన టైము, ఆ ఊళ్ళో అప్పుడు వాన, గాలి, కరెంటు ఎలా ఉన్నాయో అడిగి రాయమన్నాను. మూడు వారాలకు పుస్తకంలో ఒక వరస కనిపించింది. గుణుపూర్ పోయిన ప్రతిసారీ ముందు కరెంటు పోయింది. రాయగడ ఒక్కసారీ పోలేదు. అక్కడ రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది. కాశీనగర్ మాత్రం చిత్రం: ఒకసారి కరెంటు పోయొచ్చాక టన్నెల్ పడిపోయి, ఎవరూ ఏమీ చేయకుండా సాయంత్రానికి దానంతట అదే వచ్చింది.

మళ్ళీ పోయినప్పుడు రీబూట్ ముట్టుకోవద్దని చెప్పి, పొద్దున్న ప్యాసింజర్‌కి గుణుపూర్ బయల్దేరాను. ఒకప్పుడు పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు నడిచిన దారే అది, 2011 నుంచి బ్రాడ్‌గేజి.

రౌటర్‌లో వైర్‌గార్డ్ స్థితి చూస్తే, పంపిన బైట్లు ప్రతి ఐదు సెకన్లకీ 148 చొప్పున పెరుగుతున్నాయి, అందినవి సున్నా. వైర్‌గార్డ్ పలకరింపు ప్యాకెట్ సరిగ్గా 148 బైట్లు, దానికి రావాల్సిన జవాబు 92. ఫోన్ నెట్ మీద ముంబై మెషీన్‌లోకి వెళ్ళి, వచ్చే పోయే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్ పెట్టాను. గుణుపూర్ నుంచి 148 బైట్ల ప్యాకెట్లు గడియారం కొట్టినట్టు వస్తున్నాయి. 92 మాత్రం ఒక్కటీ తిరిగి వెళ్ళడం లేదు. అంటే దారి బాగుంది, ఫైబర్ బాగుంది, హబ్ వింటోంది, విని నోరు మెదపడం లేదు. వైర్‌గార్డ్ తీరే అంత. తనకు నచ్చని ప్యాకెట్‌కి కాదని కూడా చెప్పదు. పోర్టులు తడిమి చూసేవాడికి అక్కడ ఒక తలుపు ఉన్న సంగతే తెలియకూడదని ఆ మౌనం. భద్రతకు మంచిదే, నాలాంటి వాడి రెండు గంటలు మాత్రం మింగేసింది. ఎందుకంటే నాకు ముందు తాళాల మీదే అనుమానం వచ్చింది. గుణుపూర్ పబ్లిక్ కీని హబ్‌లో ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చాను. సరిగ్గానే ఉంది. చివరికి హబ్ కెర్నెల్‌లో డైనమిక్ డీబగ్ (లోపలి సంగతులు లాగ్‌లో రాసే ఏర్పాటు) ఆన్ చేస్తే ఒక్క ముక్క బయటపడింది: ఇన్వాలిడ్ హ్యాండ్‌షేక్ ఇనిషియేషన్. ఎందుకు చెల్లదో చెప్పలేదు.

టీ తాగొచ్చి రౌటర్ లాగ్ చదువుతుంటే తేదీ కంటపడింది. మేమున్నది నెల ఆఖర్లో, లాగ్ పందొమ్మిది రోజుల వెనక ఉంది.

అక్కడ చిక్కు విడిపోయింది. వైర్‌గార్డ్ పలకరింపులో పంపేవాడి గడియారం టైము కూడా గుప్తంగా ఉంటుంది, టీఏఐ64ఎన్ అనే రూపంలో. హబ్ ప్రతి బ్రాంచి నుంచి చివరిసారి ఒప్పుకున్న టైమును గుర్తు పెట్టుకుని, దానికంటే తర్వాతి టైముతో వచ్చిన పలకరింపునే ఒప్పుకుంటుంది. లేకపోతే ఎవడో పాత ప్యాకెట్‌ను పట్టుకుని మళ్ళీ వదలొచ్చు కదా. హబ్ గడియారంతో పోల్చదు, ఆ బ్రాంచి నిన్న చెప్పిన టైముతో పోలుస్తుంది, అంతే. మన చవక రౌటర్‌లో కరెంటు లేకున్నా గడియారం నడిపే ఆర్‌టీసీ బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే టైము మరిచిపోతుంది. అందులోని సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లేచినప్పుడు సెట్టింగుల ఫోల్డర్‌లో అన్నిటికంటే కొత్త ఫైలు తేదీ చూసి, ఆ తేదీయే ఇవాళ అనుకుంటుంది. పందొమ్మిది రోజుల కిందట ఏం జరిగిందని గుమస్తాను అడిగాను. "వైఫై పాస్‌వర్డ్ మార్చేం సార్, పక్క షాపోళ్ళు వాడేస్తన్నారని." అదే ఆ ఫైలు.

సరే, లేచాక నెట్‌లోని టైము సర్వర్లను అడిగే ఎన్‌టీపీతో టైము సరిచేసుకోవాలి కదా? చేసుకోదు. మునుపటి కుర్రాడు అలవుడ్ ఐపీస్ (టన్నెల్‌లోంచి పోవాల్సిన చిరునామాల జాబితా) దగ్గర 0.0.0.0/0 అని రాశాడు. అంటే బ్రాంచి ట్రాఫిక్ మొత్తం, రౌటర్ సొంత పనులతో సహా, టన్నెల్‌లోంచే పోవాలి. షావుకారు గారే అప్పట్లో "అంతా గుప్తంగానే పోవాలి" అన్నారట. డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పేది) కూడా పెద్దాఫీసు సర్వరే. ఇక చూడండి: టైము తెలిస్తే గాని టన్నెల్ లేవదు, టన్నెల్ లేస్తే గాని టైము తెలియదు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్నట్టు.

ముంబై రీబూట్ ఎందుకు పని చేసేదో కూడా అక్కడే తేలింది. హబ్ పాత టైములను మెమరీలోనే ఉంచుకుంటుంది. రీబూట్ అయితే అన్నీ మరిచిపోతుంది. అప్పుడు పందొమ్మిది రోజుల పాత పలకరింపు కూడా దానికి కొత్తదే. టన్నెల్ లేస్తుంది, దాని గుండా ఎన్‌టీపీ నడుస్తుంది, గుణుపూర్ గడియారం సరిపోతుంది, రోగం ఆనవాలు లేకుండా మాయమవుతుంది. కాశీనగర్ తనంతట తాను రావడానికీ కారణం ఇదే: ఆ రోజు పొద్దున్నే అక్కడ ఏదో సెట్టింగ్ మార్చారు. కరెంటు వచ్చాక రౌటర్ కొన్ని గంటలే వెనకబడింది. దాని గడియారం నడుస్తూ నడుస్తూ హబ్‌కి గుర్తున్న టైమును దాటగానే తలుపు తెరుచుకుంది.

హబ్ వైపు నుంచే పలకరించొచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. అప్పుడే లేచిన రౌటర్‌కి పాత టైములేవీ గుర్తుండవు గనక అది ఒప్పుకునేదే. కానీ కరెంటు పోయి వచ్చేసరికి సీజీనాట్ వెనక దాని చిరునామా, పోర్టు మారిపోయి ఉంటాయి. హబ్ పలకరింపు పాత గుమ్మం ముందు నిలబడి తిరిగొస్తుంది.

చికిత్స రోగం కంటే చిన్నది. అలవుడ్ ఐపీస్‌లో పెద్దాఫీసు, బ్రాంచీల నెట్‌వర్కులు మాత్రమే ఉంచాను. రౌటర్ సొంత డీఎన్‌ఎస్, ఎన్‌టీపీ నేరుగా ఫైబర్ మీద పోతాయి. టైము కోసం ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్‌ల సర్వర్లు పెట్టాను. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం, సంస్థలు గడియారాలు కలుపుకోవాల్సింది వీటితో గానీ, వీటిని అనుసరించే టైము సర్వర్లతో గానీ అంటుంది. ఆ ఆదేశం పేరు విన్నప్పుడే షావుకారు గారికి భయం పట్టుకుంది, వీపీఎన్ వాడితే ఐదేళ్ళ రికార్డులు దాచాలట కదా అని. అది జనానికి వీపీఎన్ సేవ అమ్మేవాళ్ళకి, ఒక కంపెనీ తన బ్రాంచీల మధ్య వేసుకున్నదానికి కాదని సెర్ట్-ఇన్ తర్వాత వివరణ ఇచ్చింది. ఆ కాగితం చూపించాక శాంతించారు.

అంతా గుప్తంగా పోవాలన్న మాట సంగతి కూడా ఆయనతో మాట్లాడాను. జీఎస్టీ పోర్టల్ హెచ్‌టీటీపీఎస్ మీద ఎలాగూ గుప్తంగానే పోతుంది. దాన్ని ముంబై తిప్పడం వల్ల ఒరిగిందేమీ లేదు, పైగా గుణుపూర్ కుర్రాళ్ళు మధ్యాహ్నం చూసే క్రికెట్ వీడియోలు కూడా మన అద్దె మెషీన్ డేటా ఖాతాలోనే పడుతున్నాయి. ఈ రెండో ముక్క ఆయనకి వెంటనే ఎక్కింది.

ఇక నా తప్పు. మార్పులు చేశాక నిజంగా పని చేస్తుందో లేదో చూద్దామని రౌటర్ తేదీని చేత్తో వెనక్కి తిప్పబోయి, నెల అంకె తప్పు కొట్టి, ముందుకు తిప్పేశాను. టన్నెల్ చక్కగా లేచింది. నిమిషంలో ఎన్‌టీపీ వచ్చి అసలు తేదీ పెట్టింది, తర్వాత కీలు మార్చుకునే వేళకు టన్నెల్ పడిపోయింది. హబ్ ఇప్పుడు నెల రోజుల తర్వాతి టైము గుర్తు పెట్టుకుని కూర్చుంది మరి! అప్పటిదాకా ఆగాల్సిందే, లేదా రీబూట్. కానీ రీబూట్ కంటే సన్నని మార్గం ఉంది: హబ్‌లో ఆ ఒక్క పీర్‌ని, అంటే ఆ బ్రాంచి నమోదుని, తీసేసి మళ్ళీ చేర్చడం. ఆ బ్రాంచి జ్ఞాపకం ఒక్కటే చెరిగిపోతుంది, మిగతావాళ్ళ బిల్లులు కదలవు. అకౌంటెంట్ గారికి రీబూట్ బటన్ బదులు ఆ పని చేసే చిన్న స్క్రిప్ట్ రాసిచ్చి, వాడే పద్ధతి కాగితం మీద తెలుగులో రాసి గోడకి అంటించాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు, వాడుక భాషలో రాయకపోతే ఎలా.

ఇక్కడితో కేసు ముగిసిందనుకున్నాను. వారం తిరక్కుండా గుణుపూర్ నుంచి ఇంకో ఫిర్యాదు: "లైను ఉంది సార్, బిల్లు అవుతంది, స్టాకు రిపోర్టు తీస్తే మాత్రం అలా ఉండిపోతంది." పింగ్ వెళ్తోంది, లాగిన్ అవుతోంది, పెద్దది ఏదైనా వస్తే కొయ్యబారిపోతుంది. ఈ లక్షణం వింటే నేను మొదట ఎంటీయూ, అంటే ముక్కలు కాకుండా పోగల అతి పెద్ద ప్యాకెట్ సైజు, చూస్తాను. ఆ రోజు ఫైబర్ తెగి రౌటర్ ఫోర్‌జీ మీదకి మారి ఉంది.

వైర్‌గార్డ్ ప్రతి ప్యాకెట్‌కీ ఐపీవీ4 మీద 60 బైట్లు కలుపుతుంది: ఐపీకి 20, యూడీపీకి (వైర్‌గార్డ్ వాడే రవాణా పద్ధతి) 8, తన సొంతానికి 32. ఐపీవీ6 మీదైతే 80. అందుకే మామూలుగా ఎంటీయూ 1420 అని పెడుతుంది, 1500లోంచి 80 తీసేసి. లాగిన్‌తో నడిచే పీపీపీఓఈ ఫైబర్‌లో ఎంటీయూ 1492, మన బయటి ప్యాకెట్ 1480, ఏ ఇబ్బందీ లేదు. ఫోర్‌జీ డాంగిల్ మీద మాత్రం, ముక్కలు చేయొద్దనే గుర్తుతో పింగ్ సైజు పెంచుకుంటూ పోతే 1372 వెళ్ళింది, 1373 వెళ్ళలేదు. దానికి 28 కలిపితే దారి 1400. మన 1480 బైట్ల ప్యాకెట్ అక్కడ రెండు ముక్కలవుతుంది. యూడీపీ రెండో ముక్కలో పోర్టు నంబరు ఉండదు, సీజీనాట్ దాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చుకోలేక పారేస్తుంది. చిన్న ప్యాకెట్లు బతుకుతాయి, పెద్దవి చస్తాయి, ఎవరికీ ఎర్రర్ రాదు.

1400లో 60 పోతే 1340. హబ్‌లోనూ అన్ని రౌటర్లలోనూ అదే పెట్టాను, టీసీపీకి ఎంఎస్‌ఎస్ క్లాంప్ (ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటాకి పరిమితి) 1300. క్లాంప్ ఒక్కటి పెట్టి వదిలేసేవాళ్ళున్నారు; ఈ రోజుల్లో రిమోట్ డెస్క్‌టాప్ యూడీపీ కూడా వాడుతుంది, దానికి క్లాంప్ వర్తించదు, ఎంటీయూనే సరిగ్గా ఉండాలి. ఫైబర్ మీద ప్యాకెట్లు సుమారు ఆరు శాతం పెరిగినా, కౌంటర్లో కూర్చున్నవాడికి తెలిసే తేడా కాదది.

ఫోర్‌జీ మీదకి మారడం వరకు వైర్‌గార్డ్‌తో సుఖమే. కీలు అవే, కొత్త చిరునామా నుంచి సరైన ప్యాకెట్ ఒకటి రాగానే హబ్ అటు తిరుగుతుంది, రిమోట్ డెస్క్‌టాప్ ఒక క్షణం ఆగి సాగిపోతుంది. తిరిగి రావడమే రాలేదు. ఫైబర్ బాగయ్యాక కూడా టన్నెల్ ఫోర్‌జీ మీదే ఉండిపోయి, సాయంత్రానికి ఆ రోజు డేటా కోటా అయిపోయేది. సీజీనాట్ తలుపు మూసుకోకుండా 25 సెకన్లకోసారి కీప్‌అలైవ్ అనే ఖాళీ ప్యాకెట్ పెట్టుకున్నాం. అదే రౌటర్‌లోని కనెక్షన్ ట్రాకింగ్ పట్టీలో పాత దారిని చావనివ్వడం లేదు. ఫైబర్ లేచిన వెంటనే ఆ ఒక్క ఎంట్రీని చెరిపేసే రెండు వాక్యాల స్క్రిప్ట్‌తో అది తీరింది.

ఇదంతా చేస్తుంటే పాత పాపాలు ఇంకో రెండు బయటపడ్డాయి. కాశీనగర్, పాతపట్నం రౌటర్లు రెండింటికీ ఒకే ప్రైవేట్ కీ ఉంది, ఒక ఫైలునే కాపీ చేసేశారు. హబ్‌కి ఇద్దరూ ఒక్కరే. చివర మాట్లాడినవాడికే జవాబులు పోతాయి, కాబట్టి పాతపట్నం గోడౌనులో రౌటర్ వేసిన రోజుల్లో ఇద్దరూ వంతులవారీగా పడిపోయేవారు. వేరు కీలు చేశాను. రెండోది, రాత్రి తొమ్మిదికి రాయగడ నుంచి మొదలయ్యే బ్యాకప్ అప్‌లోడ్‌ని నింపేసి, చివరి బిల్లులు కొట్టేవాళ్ళకి మౌస్ కదలనిచ్చేది కాదు. కేక్ అనే, అందరికీ లైను పంచే క్యూ పెట్టి, లైను సామర్థ్యం కంటే కొంచెం కిందకి కట్టేసి, బ్యాకప్‌ని పదకొండుకి జరిపాను.

గుణుపూర్, కాశీనగర్‌లలో రౌటర్‌కీ ఫైబర్ డబ్బాకీ కలిపి చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు పెట్టమన్నాను. గుణుపూర్‌కి వెంటనే ఒప్పుకున్నారు. కాశీనగర్‌కి ఎందుకన్నారు షావుకారు గారు, ఇప్పుడు దానంతట అదే లేస్తోంది కదా అని. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక జనరేటర్ మీద ఇన్సులిన్ ఫ్రిజ్ నడిపిన మనిషాయన. ఈ చిన్న డబ్బా దగ్గర బేరమాడటం నాకు వింతగానే తోచింది. అయినా సాంకేతికంగా ఆయన మాటే సరి. అక్కడ యూపీఎస్ లేకుండానే నవంబర్‌లో ఒకే వారంలో నాలుగుసార్లు కరెంటు పోయింది. నాలుగుసార్లూ రౌటర్ లేచిన నిమిషం లోపలే టన్నెల్ వచ్చినట్టు లాగ్‌లో ఉంది.

ముంబై మెషీన్ మాత్రం ఇంకా ఆ పెద్ద ప్లాన్ మీదే ఉంది. ఆ కంపెనీ పేజీలో ప్లాన్ పెంచడానికి బటన్ ఉంది, పెరిగిన డిస్క్‌ను తగ్గించడానికి లేదు. చిన్న మెషీన్ కొత్తది తీసుకుని, హబ్ కీ అందులోకి మార్చి, ఐదు రౌటర్లలో చిరునామా మార్చాలి. సంక్రాంతి సెలవుల్లో చేద్దామనుకున్నాం. కొత్త హబ్‌కి పాత టైములేవీ గుర్తుండవు గనక, ఆ రోజు గడియారాలు ఎలా ఉన్నా మొదటిసారి అందరూ లేస్తారు. అందుకని మార్చిన వెంటనే ఒక్కో ఊళ్ళో రౌటర్ ప్లగ్ పీకి, మళ్ళీ పెట్టి చూడమని గుమస్తాలకు ముందే చెప్పి ఉంచాను.